మార్కోనికి వచ్చిన పేరు న్యాయమైనదేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో చాలాకాలం భౌతికశాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేసిన నాకు, ఫిబ్రవరి 28న వచ్చే జాతీయ విజ్ఞాన దినోత్సవానికి రెండు మూడు వారాల ముందునుంచే ఒకే సందేహం రకరకాల గొంతుల్లో వినిపిస్తుంటుంది. వక్తృత్వ పోటీకి సిద్ధమయ్యే పిల్లలు, ఆ పిల్లల ప్రాజెక్టుల కోసం అర్ధరాత్రి దాకా అట్టముక్కలు కోసే తల్లిదండ్రులు, డీఎస్సీకి చదువుకునే యువకులు, అందరూ రేడియో దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. ఒకరికి చెప్పిందే మరొకరికి చెప్పీ చెప్పీ, చివరికి రాసిపెట్టడమే మేలనిపించింది. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకునేలా రాశాను కనుక ఒకటి రెండు సంగతులు మళ్ళీ ఎదురైతే విసుక్కోవద్దు.

## మొట్టమొదట అడిగేవి

రేడియోను కనుగొన్నది మార్కోనియా, కాదా? ఒక్క ముక్కలో చెప్పండి సార్.

ఒక్క ముక్కలో చెప్పలేకపోవడానికి సగం కారణం మన క్రియాపదమే. గురుత్వాకర్షణనూ "కనుగొన్నారు" అంటాం, కుట్టుమిషన్‌నూ "కనుగొన్నారు" అంటాం. ప్రకృతిలో ఉన్నదాన్ని గుర్తించడం ఒక పని, లేని వస్తువును తయారుచేయడం మరొక పని, తయారైనదాన్ని పదిమందికీ పనికివచ్చేలా నిలబెట్టడం ఇంకొక పని. విద్యుదయస్కాంత తరంగాలు ఉండాలని 1860లలో లెక్కకట్టి చెప్పినవాడు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్. 1887, 1888 సంవత్సరాల్లో జర్మనీలోని కార్ల్స్‌రూలో వాటిని పుట్టించి, పట్టి చూపినవాడు హైన్రిచ్ హెర్ట్జ్. ఆ తరంగాలతో తీగ లేకుండా టెలిగ్రాం పంపే పద్ధతిని మైళ్ళ దూరానికి సాగదీసి, దాన్ని ఒక వ్యవస్థగా నడిపినవాడు గుగ్లియెల్మో మార్కోని. ఈ మూడో పనికి ఆయనకు వచ్చిన పేరు న్యాయమైనదే. తక్కిన పనులను కూడా ఆయన ఖాతాలో జమకట్టి "రేడియో పితామహుడు" అనేసినప్పుడే లెక్క తప్పుతుంది.

మార్కోని గొప్ప శాస్త్రవేత్తేనా?

శాస్త్రవేత్త అనడం కంటే పట్టువదలని ప్రయోగకారుడు అనడం సరైనది. భౌతికశాస్త్రాన్ని తాను క్రమపద్ధతిలో చదువుకోలేదని 1909లో నోబెల్ ఉపన్యాసంలో ఆయనే చెప్పుకున్నాడు. ప్రకృతి నియమం ఏదీ ఆయన పేరుమీద లేదు.

డబ్బున్న ఇంట్లో పుట్టాడు కాబట్టే పైకి వచ్చాడంటారు, నిజమేనా?

చాలావరకు నిజం. 1874లో ఇటలీలోని బొలోన్యాలో పుట్టిన మార్కోనికి తండ్రి వైపు భూములున్నాయి. తల్లి ఆనీ జేమ్సన్ ఐర్లండ్‌లో విస్కీ వ్యాపారం చేసే ప్రసిద్ధ కుటుంబానికి చెందిన ఆడపడుచు. ప్రయోగాలకు ఇంట్లోనే చోటు దొరికింది. భౌతికశాస్త్ర ఆచార్యుడు అగస్టో రీగీ పరిచయస్థుడు. 1896లో లండన్‌కు చేరాక బ్రిటిష్ పోస్టాఫీసు ప్రధాన ఇంజనీరు విలియం ప్రీస్ ఆదరించాడు. మరుసటి ఏడాది కంపెనీ పెట్టడానికి తల్లి తరఫు బంధువు ముందు నిలిచాడు. అయితే ఇంతటి వసతులున్న యువకులు ఆనాటి యూరప్‌లో వందలాదిమంది ఉన్నారు, వాళ్ళలో ఎవరూ పెరట్లో తీగలు పాతుకుంటూ కూర్చోలేదన్న సంగతిని కూడా పక్కనే పెట్టి చూడాలి.

## 1896కు ముందు సంగతులు

మార్కోని కంటే ముందే ఇతరులు చేసి చూపించారు కదా?

చూపించారు. ఫ్రాన్స్‌లో ఎడ్వార్డ్ బ్రాన్లీ 1890లో ఒక సంగతి గమనించాడు: గాజుగొట్టంలో పోసిన లోహపు రజను మామూలుగా కరెంటును సరిగా పోనివ్వదు, దగ్గర్లో విద్యుత్ నిప్పురవ్వ మెరిస్తే మాత్రం పోనిస్తుంది. దీన్నే తరువాత కొహీరర్ అన్నారు. ఆలివర్ లాడ్జ్ 1894 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక భవనం నుంచి మరొక భవనంలోని సభకు సంకేతాలు అందించాడు. అలెగ్జాండర్ పోపోవ్ 1895 మే 7న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మెరుపులను పసిగట్టే పరికరాన్ని చూపించాడు, రష్యాలో ఇప్పటికీ ఆ తేదీనే రేడియో దినంగా జరుపుకుంటారు. నికోలా టెస్లా 1890ల మొదట్లోనే అధిక పౌనఃపున్య విద్యుత్తుమీద ఉపన్యాసాలిచ్చాడు. మన జగదీశ్ చంద్ర బోసు 1895లో కలకత్తా టౌన్‌హాలులో తరంగాలతో దూరంగా ఉన్న గంట మోగించి, మందుగుండు పేల్చి చూపారు. ఇన్ని చేతులు పడిన వస్తువును ఒక్కరి పేరున రిజిస్టరు చేయడం భాగపరిష్కారం కాని ఉమ్మడి ఆస్తిని ఒక్క అన్నదమ్ముడికే రాసిచ్చినట్టుంటుంది.

అయితే మార్కోని కొత్తగా చేసిందేమిటి?

మా మనవరాలికి ఇది అర్థం కావాలని మేము ఇంట్లో ఒక కొహీరర్ చేశాం. రీఫిల్ తీసేసిన పారదర్శకమైన బాల్‌పెన్ గొట్టంలో, వెల్డింగ్ షాపులో ఆకురాయితో రాస్తే రాలిన ఇనుప రజను చిటికెడు పోసి, రెండు వైపులా రెండు మరమేకులు దూర్చి, సెల్లులతో ఒక చిన్న ఎల్‌ఈడీకి కలిపాం. పక్కన గ్యాస్ లైటర్ టిక్కుమనిపిస్తే ఎల్‌ఈడీ వెలిగింది. పెన్సిలుతో గొట్టాన్ని తట్టితే రజను చెదిరి ఆరిపోయింది. రజను మరీ బిగువుగా కూరితే దీపం ఆరదు, మరీ వదులైతే వెలగదు. ఆ తూకం కుదరడానికి మాకు ఒక ఆదివారమంతా పట్టింది. ఇంతా చేస్తే అది అందుకున్నది జానెడు దూరమే.

తరువాత మరమేకుకు ఒక బారెడు తీగ కట్టి నిలువుగా వేలాడదీసి, లైటర్ కొనకు కూడా అలాగే ఒక తీగ చుడితే, గదిలో అవతలి గోడ దగ్గరినుంచి కూడా దీపం వెలిగింది. 1895లో మార్కోనికి తన ఇంటి ఆవరణలో దొరికిన కీలకం ఇదే. తీగను ఎత్తుకు లేపి, రెండో కొనను భూమిలో పాతిన పలకకు కలపడం, దాన్ని పంపే వైపూ అందుకునే వైపూ చేయడం. నిలువు తీగను పోపోవ్ కూడా వాడాడు, కానీ మెరుపులను వినడానికి వాడాడు. మార్కోని సంకేతాలు దాదాపు రెండు కిలోమీటర్లు సాగి, మధ్యలో ఉన్న గుట్టను కూడా దాటాయి. అందిందనడానికి గుర్తుగా అవతలినుంచి అన్న ఆల్ఫాన్సో తుపాకి పేల్చాడు. చంద్రగిరి కోట వెనుకనున్న కొండకు ఇటొకరు, అటొకరు నిలబడి మాట్లాడుకోవాలంటే ఎంత కష్టమో ఊహించుకుంటే ఆ తుపాకి చప్పుడు విలువ తెలుస్తుంది.

ఇతరుల పరికరాలన్నీ కలిపి పేటెంటు తీసుకోవడం దొంగతనం కాదా?

పేటెంటు చట్టం తెలిసినవారెవరూ ఆ మాట అనరు. 1896 జూన్ 2న దరఖాస్తు చేసి, మరుసటి ఏడాది జూలైలో పొందిన బ్రిటిష్ పేటెంటు 12,039లో మార్కోని హెర్ట్జ్ తరంగాలను తానే కనుగొన్నానని చెప్పలేదు. తెలిసిన భాగాలను మెరుగుపరిచి, కొత్త అమరికలో పెట్టి, కొత్త పని చేయించానని చెప్పాడు. పేటెంటు వచ్చాక ఆయన కంపెనీ ప్రవర్తించిన తీరు వేరే సంగతి. మార్కోని పరికరాలున్న ఓడలు ఇతర కంపెనీల పరికరాలున్న ఓడలతో మాట్లాడకూడదని నియమం పెట్టడం సముద్రంమీద ప్రాణాలతో ఆడుకోవడమే. ఆ పోకడను అదుపు చేయడానికి 1903లోనూ 1906లోనూ బెర్లిన్‌లో దేశాలన్నీ కూర్చుని ఒప్పందాలు చేసుకోవలసివచ్చింది. నన్నడిగితే మార్కోనిమీద వేయదగిన గట్టి నింద ఇదే, కానీ వక్తృత్వ పోటీల్లో ఇప్పటిదాకా ఒక్క పిల్లవాడి నోటా ఇది నేను వినలేదు.

## బోసు గురించి

జగదీశ్ చంద్ర బోసే అసలు రేడియో కనుగొన్నారంటారు, అది నిజమా, అభిమానమా?

అభిమానం నిజాన్ని కొంత పక్కకు నెట్టింది. బోసు ప్రెసిడెన్సీ కళాశాలలో, ఒక చిన్న గదిలో, రేకు పనివాడికి తానే నేర్పి చేయించుకున్న పరికరాలతో 5 మిల్లీమీటర్ల దాకా పొట్టి తరంగాలను పుట్టించారు. అంతకు ముందు హెర్ట్జ్ వాడినవి మీటర్ల కొలతలోనివి. తరంగం పొట్టిదైతే పరికరాలు బల్లమీద ఇముడుతాయి, కాబట్టి కాంతికి చేసే పరీక్షలన్నీ, అంటే ప్రతిఫలనం, వక్రీభవనం, ధ్రువణం, వీటికీ చేసి చూడవచ్చు. బోసు చేసింది అదే. కొమ్ము ఆకారపు యాంటెన్నాలు, పట్టకాలు, గెలీనా అనే సీసపు ఖనిజపు స్ఫటికంతో చేసిన గ్రాహకం (అంటే తరంగాన్ని పట్టే పరికరం), అన్నీ ఆయన బల్లమీద ఉండేవి. 1897 జనవరిలో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో తన పొట్టి తరంగాల ప్రయోగాలను చూపించారు. దూరదేశాలకు టెలిగ్రాం పంపడం ఆయన లక్ష్యం కాదు, పైగా అంత పొట్టి తరంగాలు ఆనాటి పరికరాలతో కొండ దాటేవి కావు. తనకు అక్కరలేని పందెంలో ఆయనను పరుగెత్తించి, రెండోవాడిగా వచ్చాడని జాలిపడడం మనం ఆయనకు చేస్తున్న మర్యాదేమీ కాదు.

బోసు పరికరాన్ని మార్కోని దొంగిలించాడా?

ఈ ఆరోపణ వెనుక ఒక గట్టి సంగతి ఉంది కాబట్టి కొట్టిపారేయలేం. 1901 డిసెంబరులో అట్లాంటిక్ అవతలినుంచి వచ్చిన సంకేతం వినడానికి మార్కోని వాడిన గ్రాహకాల్లో, గాజుగొట్టంలో పాదరసపు బొట్టు ఉండి టెలిఫోను రిసీవరుతో వినే రకం ఒకటి ఉంది. దానికి "ఇటలీ నౌకాదళపు కొహీరర్" అని పేరు. దాన్ని మార్కోనికి ఇచ్చినవాడు నౌకాదళాధికారి లూయిజీ సొలారీ. ఇనుమూ పాదరసమూ తాకే చోటును గ్రాహకంగా వాడి, టెలిఫోనుతో విన్న వివరాలను బోసు 1899లోనే రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో అచ్చువేయించారు. 1901లో ఆ గ్రాహకానికి బ్రిటన్‌లో పేటెంటు దరఖాస్తు మొదట మార్కోని పేరున వెళ్ళి, తరువాత సొలారీ నుంచి అందినదిగా సవరణ పొందింది. ఇటలీలోనే ఆ పరికరం ఎవరిదన్న రచ్చ జరిగింది, ఆ రచ్చలో బోసు పేరు ఎత్తినవారు లేకపోవడమే మనకు బాధ కలిగించే సంగతి.

బోసు పని ముందుదనడంలో సందేహం లేదు, దానికి తగిన గుర్తింపు ఆనాడు రాలేదనడంలోనూ సందేహం లేదు. ఆయన పత్రాన్ని చూసి తెలిసే కాజేశారనడానికి మాత్రం ఆధారం చూపాలి. అలాంటి ఆధారం నా కంటపడనంతవరకు "దొంగ" అనే మాటను పిల్లల ప్రసంగాల్లోంచి కొట్టేస్తూనే ఉంటాను. రేడియో అంతటికీ ఆ ఒక్క గ్రాహకమే ఆధారం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి, మార్కోని 1896 నుంచి 1901 దాకా పంపిన సంకేతాలకు వేరే రకం కొహీరర్లు వాడాడు.

పేటెంటు తీసుకోనందువల్లే బోసు నష్టపోయారా?

ఆయన అసలు పేటెంటే తీసుకోలేదన్నది తప్పు. తన పరిశోధనతో సొమ్ము చేసుకోవడం ఆయనకు ఇష్టం లేని మాట నిజం. మిత్రుల ఒత్తిడిమీద 1901లో దరఖాస్తు చేయగా, గెలీనా గ్రాహకానికి 1904 మార్చి 29న అమెరికా పేటెంటు 755,840 వచ్చింది.

## అట్లాంటిక్ దాటిన మూడు చుక్కలు

1901లో నిజంగానే సముద్రం అవతలినుంచి వినిపించిందా, లేక విన్నామనుకున్నారా?

1901 డిసెంబరు 12 మధ్యాహ్నం న్యూఫౌండ్‌లాండ్‌లోని సిగ్నల్ హిల్‌మీద గాలిపటానికి కట్టిన తీగతో మార్కోని, సహాయకుడు జార్జ్ కెంప్ ఇంగ్లండ్‌లోని పోల్డూ నుంచి వచ్చిన మోర్స్ "ఎస్" అక్షరాన్ని, అంటే మూడు చుక్కలను విన్నామని ప్రకటించారు. దూరం సుమారు 3,500 కిలోమీటర్లు. గాలిమార్గాన తిరుపతి నుంచి ఢిల్లీకి వెళ్ళి తిరిగి వచ్చినంత ఉంటుంది. విన్నది ఆ ఇద్దరే, కాగితంమీద ముద్రపడిన రుజువు లేదు, ఏ శబ్దం కోసం చెవి రిక్కించాలో ఇద్దరికీ ముందే తెలుసు.

మన ప్రాంతంలో పాత రేడియో ఉన్నవారు ఇందులోని చిక్కును తామే పరీక్షించుకోవచ్చు. పోల్డూ కేంద్రం తరంగదైర్ఘ్యం సుమారు 366 మీటర్లన్న లెక్కను తీసుకుంటే, అది 820 కిలోహెర్ట్జ్ అవుతుంది. మీడియం వేవ్‌లో 837 దగ్గరుండే విజయవాడ కేంద్రానికి ముల్లు ఒక వెంట్రుకవాసి ఇవతల ఉన్నట్టు. చిన్నప్పుడు మా ఇంట్లో విజయవాడ పగలు గొణిగేది, పొద్దు కుంగాక గొంతు విప్పేది. చాలా ఎత్తున విద్యుదావేశమున్న గాలి పొరలను అయనోస్ఫియర్ అంటాం. పగటి ఎండకు దాని కింది పొర ఈ తరంగాలను మింగేస్తుంది, రాత్రి ఆ పొర బలహీనపడితే పై పొరలనుంచి తిరిగి భూమికి వస్తాయి. మార్కోని విన్నానన్నది మధ్యాహ్నం పన్నెండున్నరకు! నిప్పురవ్వ ట్రాన్స్‌మిటరు ఒకే పౌనఃపున్యంమీద నిలవదు కాబట్టి ఏదో పొట్టి తరంగం దారి చేసుకుని ఉండవచ్చునని సమర్థించేవారున్నారు.

ఆ రోజు వినిపించిందని నేను బల్లగుద్ది చెప్పను. అయితే మార్కోని అక్కడితో ఊరుకోలేదు. 1902 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా అనే ఓడలో ప్రయాణిస్తూ, ఓడ అధికారుల ఎదుట, కాగితపు పట్టీమీద ముద్రపడేలా సంకేతాలు అందుకున్నాడు. పగలు 1,100 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయినవి రాత్రి 3,300 కిలోమీటర్ల దాకా వినిపించాయి. ఆ తేడాను లోకానికి చెప్పింది ఆయనే, తన మధ్యాహ్నపు ప్రకటనకు అదే ఎదురుసాక్ష్యమవుతుందని తెలిసి కూడా దాచలేదు. 1902 డిసెంబరులో కెనడా నుంచి పూర్తి సందేశాలే అట్లాంటిక్ దాటాయి.

పోల్డూ కేంద్రాన్ని అసలు తయారుచేసింది ఫ్లెమింగ్ కదా?

అవును. అంత శక్తిగల ట్రాన్స్‌మిటరుకు రూపకల్పన చేసినవాడు లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆచార్యుడు ఆంబ్రోస్ ఫ్లెమింగ్. జీతమిచ్చి పెట్టుకున్న సలహాదారు కనుక ఘనత యజమానికే పోయింది. మన ఊళ్ళలో మేస్త్రి కట్టిన ఇంటికి గోడమీద యజమాని పేరు చెక్కించినట్టే.

## కోర్టు, నోబెల్

అమెరికా సుప్రీంకోర్టు టెస్లాయే రేడియో కనుగొన్నాడని తీర్పు ఇచ్చిందట కదా?

ఈ మాటను తరగతి గదిలో నేనే ఎన్నో ఏళ్ళు చెప్పాను, తీర్పు చదివాక సిగ్గుపడ్డాను. 1943 జూన్ 21 నాటి ఆ తీర్పు, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో తమ పేటెంట్లను వాడుకున్నందుకు పరిహారం ఇవ్వాలని అమెరికా మార్కోని కంపెనీ ప్రభుత్వంమీద వేసిన దావాలోది. ట్యూనింగుకు, అంటే కోరిన పౌనఃపున్యానికి పరికరాన్ని సరిచేసుకోవడానికి, సంబంధించి 1904లో వచ్చిన 763,772 అనే పేటెంటులోని ముఖ్యమైన హక్కులు చెల్లవని కోర్టు తేల్చింది. ఆ పద్ధతులు లాడ్జ్, టెస్లా, జాన్ స్టోన్ స్టోన్ పనిలో ముందే ఉన్నాయన్నది కారణం. మొట్టమొదట రేడియో ప్రసారం సాధించినవాడిగా మార్కోనికున్న పేరు ఆయన తొలి పేటెంటుమీద ఆధారపడిందనీ, అది ఈ వ్యాజ్యంలో చర్చకు రాలేదనీ ఆ తీర్పులోనే రాసి ఉంది. టెస్లా అప్పటికి అయిదు నెలల క్రితమే కన్నుమూశాడు కనుక కథకు కరుణరసం తోడై, అసలు విషయం మరుగునపడింది. తీర్పు సారం ఒకటే: ట్యూనింగు మార్కోని సొంతం కాదు. లాడ్జ్ పేటెంటును మార్కోని కంపెనీ 1911లో కొనుక్కోవలసిరావడం కూడా అదే చెబుతుంది.

నోబెల్ ఒక్కడికే ఇచ్చారా?

లేదు. 1909 భౌతికశాస్త్ర బహుమతిని జర్మనీకి చెందిన కార్ల్ ఫెర్డినాండ్ బ్రాన్‌తో పంచుకున్నాడు.

## మనిషి గురించి

టైటానిక్‌లో ప్రాణాలు దక్కింది మార్కోని వల్లేనా?

1912 ఏప్రిల్‌లో ఆ ఓడలో సందేశాలు పంపిన జాక్ ఫిలిప్స్, హెరాల్డ్ బ్రైడ్ ఇద్దరూ మార్కోని కంపెనీ ఉద్యోగులు. వారి పిలుపు కార్పేథియా ఓడకు అందినందువల్ల 700 మందికి పైగా బతికారు. ఫిలిప్స్ బతకలేదు. ఘనతలో మొదటి వాటా ఆ గదిలో చివరిదాకా మీటను వదలనివారిది.

ఆయన ఇటలీ నియంత ముస్సోలినీ మనిషని విన్నాం. ఇంకా గౌరవించాలా?

విన్నది నిజమే. 1923లో ఫాసిస్టు పార్టీలో చేరాడు, 1930లో ముస్సోలినీ ఆయనను ఇటలీ రాయల్ అకాడమీకి అధ్యక్షుణ్ణి చేశాడు. ఆ మచ్చను కప్పిపుచ్చనక్కరలేదు. దానివల్ల 1895 నాటి తుపాకి చప్పుడు వెనక్కి పోదు, ఆ చప్పుడు వల్ల ఈ మచ్చ మాసిపోదు. 1937 జూలై 20న మార్కోని, అదే ఏడాది నవంబరు 23న బోసు చనిపోయారు. మార్కోని కోసం ప్రపంచమంతటా రేడియో కేంద్రాలు రెండు నిమిషాలు మౌనం పాటించాయి.

## పరీక్షలు, పోటీలు, ప్రాజెక్టులు

పోటీపరీక్షలో ఏ జవాబు గుర్తించాలి సార్?

రేడియో అనో, వైర్‌లెస్ టెలిగ్రఫీ అనో అడిగి ఒకే పేరు కోరితే మార్కోని. తరంగాల ఉనికిని ప్రయోగంతో నిరూపించిందెవరంటే హెర్ట్జ్. మిల్లీమీటరు తరంగాలంటే బోసు. పరీక్ష హాలులో కూర్చుని చరిత్రను సరిదిద్దబోతే మార్కు పోతుంది, ఆ పని బయటికి వచ్చాక చేయండి.

రేడియో అంటే పాటలు, వార్తలు కదా, అవి కూడా మార్కోనివేనా?

కావు. మార్కోని తొలినాటి పరికరాలు చుక్కలూ గీతలే పంపాయి. మాటను తరంగంమీద ఎక్కించి పంపిన తొలివారిలో కెనడావాడు రెజినాల్డ్ ఫెసెండెన్ ముఖ్యుడు. మన చిత్తూరు జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, 1924లో, మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారాలు మొదలుపెట్టింది.

గాదంకికి పిల్లలను తీసుకెళ్తే ఈ విషయంమీద ఏం చూపించాలి?

పాకాల మండలం గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అంతరిక్ష శాఖకు చెందినది కనుక ముందుగా అనుమతి తీసుకోవాలి. అక్కడ వాతావరణపు పై పొరలను పరిశీలించే ఎంఎస్‌టీ రాడారు 130 మీటర్ల చదరంలో 1,024 యాంటెన్నాలతో ఉంటుంది. ఒకప్పుడు దూరదర్శన్ కోసం మిద్దెలమీద కట్టుకున్న యాంటెన్నాలను వెయ్యికి పైగా తెచ్చి మడిలో నారు నాటినట్టు కనిపిస్తుంది. అది 53 మెగాహెర్ట్జ్‌మీద పనిచేస్తుంది, అంటే తరంగం పొడవు దాదాపు 5.66 మీటర్లు. బోసు తరంగం అందులో వెయ్యోవంతుకు కాస్త తక్కువ. పోల్డూ తరంగాన్ని చాపి పరిస్తే ఈ రాడారు మైదానాన్ని దాటి రోడ్డెక్కుతుంది.

పిల్లలచేత ముందు స్కేలుమీద 5 మిల్లీమీటర్లు చూపించి, తరువాత 5.66 మీటర్లు అడుగులతో కొలిపించండి. 1901లో మార్కోనికి తెలియకుండా ఆయన సంకేతాలను వంచి పంపిందో, మింగిందో తేలని అయనోస్ఫియర్‌ను ఇక్కడివారు రేయింబవళ్ళు గమనిస్తుంటారని అప్పుడు చెబితే వాళ్ళకు ఎక్కుతుంది. కిందటిసారి వెంట వచ్చిన ఎనిమిదో తరగతి పిల్లవాడు ఆ యాంటెన్నాల వైపు చాలాసేపు చూసి, "సార్, ఇన్నిట్లో మార్కోనిది ఏది?" అని అడిగాడు. నేలలోకి దిగిన ఎర్తింగు తీగను చూపించాను.